ఆవకాయ గదిలో పదకొండు గుడ్లు

మా ఇల్లు ఆబిడ్స్‌లో, పెద్ద రోడ్డు వెనక సందులో ఉంది. కింది వాటా అద్దెకిస్తాం, పైన నేనూ మా ఆయనా ఉంటాం. అద్దెకు వచ్చేవాళ్లకు నేను పెట్టే షరతులు మూడు. మెట్ల మీద చెప్పులు విడవకూడదు, నన్నడగకుండా మోటారు వేయకూడదు, ఇంట్లోకి గుడ్డు రాకూడదు. మొదటి రెండూ నేను పుట్టించినవి. మూడోది మా అత్తగారి నుంచి నాకు, వాళ్ల అత్తగారి నుంచి ఆవిడకు వచ్చింది. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, నా దగ్గర షరతంటే షరతే. అరవయ్యేళ్లు దాటేదాకా నేను కోడిగుడ్డును చేత్తో ముట్టుకోలేదు. కొట్ల ముందు అట్టల్లో పేర్చి ఉండగా చూడటమే తప్ప అది బరువుగా ఉంటుందో తేలిగ్గా ఉంటుందో కూడా తెలియదు. ఆ విషయంలో నాకు కాస్త గర్వంగానే ఉండేది.

అలాంటిదాన్ని, పోయిన వేసవిలో పన్నెండు రోజులపాటు రోజుకు మూడుసార్లు పదకొండు గుడ్లను పసిపిల్లల్ని పక్క మార్చినట్టు మార్చాను. అదీ ఎక్కడ? మా ఆవకాయ గదిలో. మా అత్తగారు బతికుంటే ఆ గది గడపలోనే నాకు ఇల్లు ఖాళీ చేయమని చెప్పేది.

దీనికంతటికీ కారణం కింది వాటాలో ఉండే అమ్మాయి. నల్గొండ వైపు పల్లెటూరు వాళ్లది. ఆమె భర్త లక్డీకాపూల్‌లో ఒక హోటల్లో పనిచేస్తాడు, పొద్దున పోతే మళ్లీ అందరూ పడుకున్నాకే రావడం. ఆమె ఇంట్లో జాకెట్లు కుడుతుంది. ఇల్లు చూడటానికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. నాంపల్లి స్టేషన్ దగ్గర బస్సు దిగి ఎండలో నడిచొచ్చింది, నల్లటి మొహం నిండా చెమట. గేటు దగ్గర నిలబడి నెమ్మదిగా, మర్యాదగా అడిగింది. నేను గేటు తెరవకుండానే, ఇల్లు ఇచ్చేశామమ్మా అన్నాను. అబద్ధం. ఎందుకలా అన్నానో అప్పుడు నాకే సరిగా తెలియదు. ఏదో లెక్క కుదరలేదనిపించింది. ఇంతలో పైన బాల్కనీలోంచి మా ఆయన, ఎవరికిచ్చామోయ్ అని సందంతా వినబడేలా అడిగాడు. దాంతో గేటు తెరవక తప్పలేదు.

రెండు నెలలు తిరక్కుండానే ఆ అమ్మాయి లేకపోతే నాకు రోజు గడవని పరిస్థితి వచ్చింది. నా జాకెట్లు సరిచేసేది, మామిడికాయలు కొట్టించుకొచ్చేది, నా మోకాళ్లకు ఏదో ఆకు పసరు రాసేది. మూడు షరతులూ తు.చ. తప్పకుండా పాటించేది. అందుకే ఒకరోజు పొద్దున్నే ఊక నింపిన బకెట్ పట్టుకుని మెట్లెక్కి వచ్చి, ఊకలోంచి గుడ్డు బయటికి తీసినప్పుడు నాకు కోపం కూడా వెంటనే రాలేదు. ముందు ఆశ్చర్యం వచ్చింది, కోపం తర్వాత వచ్చింది.

ఆమె నిలబడే అంతా చెప్పింది. వాళ్లమ్మ ఊళ్లో కోళ్లు పెంచుకుంటుంది. అంతకుముందు చలికాలంలో తెగులొచ్చి ఊళ్లో కోళ్లన్నీ పోయాయి. వాళ్లమ్మకు ఒక్క నల్ల పెట్ట, ఒక పుంజు మిగిలాయి. తర్వాత పుంజు కూడా పోయింది. పెట్ట పదకొండు గుడ్లు పెట్టి, పొదగడానికి కూర్చునే వేళకు కుక్క నోట పడింది. ఇక వాళ్లమ్మ కోళ్ల జాతిలో మిగిలినవి ఈ పదకొండే. భర్త హోటల్ నుంచి ఐస్‌క్రీం వచ్చిన థర్మకోల్ పెట్టె తెచ్చి, కోఠీలో కొన్న చిన్న మీటరుతో దానికి బల్బు బిగించాడట. వేడి ఎక్కువైతే బల్బు దానంతటదే ఆరిపోతుంది, తగ్గితే వెలుగుతుంది. ఇరవై ఒక్క రోజులు అలా ఉంటే పిల్లలవుతాయి. చిక్కంతా ఎండాకాలం కరెంటు కోతలతోనే వచ్చింది.

"మీకు ఇన్వర్టర్ ఉంది గదమ్మా," అంది. "కరెంటు పోతె మా దగ్గర పెట్టె సల్లవడ్తది."

నేను మూడో షరతు గుర్తుచేశాను. ఆమె గుడ్డును మళ్లీ ఊకలో పెట్టి, "తినేటందుకు కాదమ్మా, పుట్టేటందుకు," అంది.

నేను లెక్కల టీచర్ని. నిబంధనను రాసిన మాటల్లో కాదు, ఉద్దేశంలో చూడాలని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. అయినా బకెట్ కింద పెట్టుకోమని చెయ్యి చూపించాను. మా ఆయన పేపరు చాటునుంచి, సమంజసంగానే ఉందోయ్ అన్నాడు. ఆయనకు ప్రపంచంలో అందరి మాటా సమంజసంగానే ఉంటుంది, నాది తప్ప.

పెట్టె పెట్టడానికి వంటింట్లో వీల్లేదు, దేవుడి గది సంగతి ఎత్తనే అక్కర్లేదు. మిగిలింది ఆవకాయ గది. కిటికీ లేని చిన్న గది, పట్టపగలు తలుపేస్తే చెయ్యి కనబడదు. కొత్త ఆవకాయ జాడీలు మూతికి వాసెన గుడ్డ కట్టి వరసగా ఉంటాయి. స్నానం చేయకుండా, తడి చేత్తో అందులోకి ఎవరూ వెళ్లరు. అలాంటి గదిలో జాడీల పక్కన పెట్టె వెలిసింది. అది కాక పెట్టెలో ఒక గిన్నెడు నీళ్లు ఉండాలట, గాలికి తేమ కావాలట. నా గదిలో తేమ. ఈ మాట విన్నప్పుడు పడ్డ బాధ గుడ్లు చూసినప్పుడు కూడా పడలేదు.

ఆరో రోజున ఊరి నుంచి ఫోనొచ్చింది. ఆమె చెల్లెలికి అనుకున్నదానికన్నా ముందే నొప్పులు మొదలయ్యాయి. బట్టలు సర్దుకుని నా దగ్గరికి వచ్చి, గుడ్లు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తిప్పాలమ్మా, నువ్వే చూడాలె అంది. నేను ముట్టుకోను అన్నాను. ఆమె వాదించలేదు. పెట్టె మూత తీసి, ఒక గుడ్డు తీసి, నా కుడి చెయ్యి పట్టుకుని అందులో పెట్టింది.

వెచ్చగా ఉంది. అరవయ్యేళ్లుగా నేను దాన్ని చల్లగా, జిగటగా ఊహించుకున్నాను. అది ఎండలో ఆరేసిన బట్టలాగా పొడిగా, వెచ్చగా ఉంది. నేను భయంతో గుప్పిట బిగించాను.

"గుప్పిట్ల వట్టకమ్మా. కుంకుమ భరిణె వట్టినట్టు వేళ్లతోని వట్టు," అంది.

కుంకుమ భరిణె పట్టుకోవడం నాకొచ్చు. పాఠం అర్థమైంది. ప్రతి గుడ్డుకూ ఒక పక్క పెన్సిల్‌తో గీత పెట్టి ఉంది. పొద్దున గీత పైకుంటే మధ్యాహ్నం కిందికి, సాయంత్రం మళ్లీ పైకి. చేతికి నూనె ఉండకూడదు, గుడ్డును తడిగుడ్డతో తుడవకూడదు, ఊపకూడదు. ఇక చివరిది, పద్నాలుగో రోజున ఒక్కొక్కదాన్నీ చీకట్లో ఫోను లైటు మీద పెట్టి చూసి, పాడైనవి తీసేయాలి, లేకపోతే అవి కుళ్లి పేలిపోతాయి. దానికోసం ఒక పాత శుభలేఖ అట్టకు రూపాయి బిళ్లంత రంధ్రం చేసి ఇచ్చింది. అట్టను ఫోను లైటు మీద పెట్టి, రంధ్రం మీద గుడ్డును నిలబెడితే లోపలంతా కనిపిస్తుందని చెప్పింది. పాడైంది ఎలా ఉంటుందో చెప్పలేదు. గుడ్డు చూసిన మనిషికెవరికైనా తెలిసే ఉంటుందనుకుంది. నేను అడగలేదు. ముప్పై ఏళ్లు ప్రశ్నలు వేసిన మనిషికి ఒక ప్రశ్న అడగడం ఎంత కష్టమో వేరేవాళ్లకు చెప్పినా తెలియదు.

ఎనిమిది రోజులు శ్రద్ధగా తిప్పాను. స్నానం చేసి, చేతులు తుడుచుకుని, ఆవకాయకిచ్చే గౌరవమంతా గుడ్లకిచ్చాను. ఒకసారి కరెంటు పోయి ఇన్వర్టర్ కూయడం మొదలుపెడితే, మా ఆయన చూస్తున్న టీవీ, తిరుగుతున్న ఫ్యాను రెండూ ఆపేసి పెట్టె ఒక్కటే ఉంచాను. ఆయన విసనకర్రతో విసురుకుంటూ, మన పిల్లల్ని కూడా నువ్వు ఇంత జాగ్రత్తగా చూడలేదోయ్ అన్నాడు.

పద్నాలుగో రోజు పొద్దున తొమ్మిదింటికి ఆవకాయ గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. ఫోను లైటు వేసి, అట్ట పెట్టి, మొదటి గుడ్డు నిలబెట్టాను. గుడ్డంతా లోపల దీపం పెట్టినట్టు బంగారు రంగులో వెలిగింది. ఎక్కడా మచ్చ లేదు. ఎంత శుభ్రంగా ఉందో అనుకున్నాను. రెండోది పెట్టాను. పైన గోరంత మేర తెల్లగా ఉంది, మిగతాదంతా నలుపు. మసి పట్టిన లాంతరు చిమ్నీలా ఉంది.

ఆలోచించాల్సిన అవసరం కూడా కనబడలేదు. చిన్నప్పటి నుంచి చాటలో బియ్యం పోసుకుని నల్లది కనబడితే ఏరి అవతల పారేసిన చేతులివి. కందిపప్పులో నల్లది పుచ్చు, పల్లీలో నల్లది చేదు, వంకాయ కోస్తే లోపల నల్లగా ఉంటే పురుగు. నలుపంటే పాడైందని నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఎర్ర బాల్‌పెన్ను తెచ్చుకుని ఒక్కొక్కటే దిద్దుకుంటూ పోయాను. తెల్లగా వెలిగిన దానికి రైటు, నల్లగా ఉన్నదానికి ఇంటూ. చివరికి నలుగురు పాస్, ఏడుగురు ఫెయిల్. ఇంతమంది ఫెయిలవడమేమిటని అనుమానం రావాలి కదా. నా తరగతుల్లో ఇంతకన్నా ఘోరమైన ఫలితాలు చూసి ఉన్నాను కాబట్టి రాలేదు.

ఫెయిలైన ఏడింటినీ ఒక ఖాళీ మిఠాయి డబ్బాలో సర్ది, మూత పెట్టి, చెత్త ఆటో రాగానే ఇచ్చేశాను. ఇంటికి పట్టిన పీడ వదిలించుకున్నట్టు హాయిగా కాళ్లు కడుక్కున్నాను.

పదకొండింటికి ఊరి నుంచి ఆ అమ్మాయి ఫోను చేసింది. చెల్లెలికి ఆడపిల్ల పుట్టి వారమైంది, ఇద్దరూ బాగున్నారట. తర్వాత గుడ్ల సంగతి అడిగింది. నేను ఫలితాలు ప్రకటించాను. ఏడు పాడయ్యాయమ్మా, నాలుగు మాత్రం అద్దంలా ఉన్నాయి అన్నాను.

"పాడైనయి ఎట్ల కనవడ్డయమ్మా?"

నల్లగా, మసిలాగా అన్నాను. ఫోనులో వెనక ఎక్కడో పసిపిల్ల ఏడుస్తోంది.

"అమ్మా, నల్లగున్నయే పిల్లలు. తెల్లగ కనవడేటియి ఉత్తయి," అంది. గొంతు చాలా చిన్నగా వచ్చింది. "తీసి ఏడ వెట్టినవ్?"

ఇక్కడ నేను నిజం చెప్పాల్సింది. ఇక్కడే పక్కన పెట్టానమ్మా, ఇప్పుడే మళ్లీ పెట్టెలో పెడతాను అన్నాను. అబద్ధమాడే పిల్లల్ని బెంచీ ఎక్కించిన నోటితోనే అన్నాను. ఫోను పెట్టేసి, చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా మెట్లు దిగాను. మా ఆయన స్కూటరు తీశాడు. ఏమైందని కూడా అడగలేదు, నా మొహం చూసే ఉంటాడు.

చెత్త ఆటో మా సందు దాటితే ఇంకో రెండు సందులు తిరిగి నాంపల్లి స్టేషన్ రోడ్డు మీదికి వస్తుందని తెలుసు. స్టేషన్ గోడ దగ్గరికి వచ్చేసరికి ఆటో ఆగి ఉంది. పక్కన పదిహేను మంది దాకా గుండ్రంగా నిలబడ్డారు. నడుమ ఎర్రటి ఎండలో ఫుట్‌పాత్ మీద నా మిఠాయి డబ్బా. దాని దగ్గరికి ఎవరూ పోవడం లేదు.

జరిగింది ఇదీ. ఆటో నడిపే అతని భార్య చెత్త వేరుచేస్తుంటుంది. మిఠాయి డబ్బా బరువుగా ఉందని మూత తీసింది. లోపల ఏడు గుడ్లు, ప్రతి గుడ్డు మీదా ఎర్రటి ఇంటూ గుర్తు. మూడు బాటల దగ్గర నిమ్మకాయా కుంకుమా కనబడితేనే జనం దాటకుండా పక్కకు తిరిగి పోతారు. అలాంటిది ఇవి ఏడు, పైగా గుర్తులతో. గభాలున మూత మూసేసరికి ఆమె చేతిలోంచి డబ్బా జారింది. తర్వాత భర్త దాన్ని చీపురు కట్టతో ఫుట్‌పాత్ మీదికి నెట్టాడు. ఎవరు ఎవరికి చేయించి ఉంటారనే చర్చ మేం వెళ్లేసరికి బాగా ముదిరింది. ఎవరో స్టేషన్ పక్కన దర్గా దగ్గరికి పోయి అడుగుదామంటున్నారు.

"అవి మావే," అన్నాను.

పదిహేను మందీ ఒక్కసారి రెండడుగులు వెనక్కి వేశారు. ముప్పై ఏళ్లు బెత్తం పట్టుకున్నా నన్ను చూసి ఎవరూ అంతగా భయపడలేదు. నేను వంగి మూత తీశాను. రెండు పగిలి ఉన్నాయి. లోపల ఏముందో చూశాను. చిన్న కన్ను, మూసిన రెప్ప. తల తిప్పుకోలేకపోయాను. నేనే చంపానన్న మాట అక్కడే, ఆ ఎండలో, అంతమంది మధ్య మనసులో స్పష్టంగా అనుకున్నాను.

మిగతా అయిదింటినీ మా ఆయన తీశాడు. ఒక్కొక్కటీ వేళ్లతో లేపి, అయిదూ ఒక్క చేతిలో, ఒకదానికొకటి తగలకుండా పట్టుకుని నా కొంగులోకి జారవిడిచాడు. అంత ఒడుపు ఆయనకు ఎక్కడిదా అని ఆ దుఃఖంలో కూడా నాకు అనుమానం వచ్చింది. సాయంత్రం అడిగితే ఒప్పుకున్నాడు. ఆఫీసు రోజుల్లో వారానికొకసారి, స్టేషన్ ముందు బండి మీద ఆమ్లెట్. పని ఎక్కువుంటే బండివాడికి సాయంగా గుడ్లు అందించేవాడట. ముప్పై ఏళ్లా అన్నాను. సెలవులు తీసెయ్ అన్నాడు. మామూలు రోజుల్లో అయితే నెల రోజులు మాట్లాడేదాన్ని కాదు, ఆ రోజు నా దగ్గర అంత అధికారం మిగల్లేదు.

ఇంటికొచ్చి అయిదు గుడ్లూ పెట్టెలో పెట్టి, గంట ఆగి, మళ్లీ తలుపేసుకుని లైటు మీద ఒకటి నిలబెట్టాను. అదే నలుపు. పొద్దున మసి అనుకున్నది. కదలకుండా చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. నలుపు అంచు కొంచెం కదిలింది. నా చెయ్యి వణికిందేమోనని చెయ్యి తీసేశాను. మళ్లీ కదిలింది. పక్కమీద పిల్ల దుప్పటి కింద ఒత్తిగిల్లినట్టు, అంతే. ఆవకాయ జాడీల మధ్య కింద కూర్చుని గట్టిగా ఏడ్చేశాను. అయిదూ చూశాను. అయిదూ బతికే ఉన్నాయి. ఎవరూ ముట్టుకోకుండా ఎండలో వదిలేయడమే వాటిని కాపాడింది. ఆ రోజు హైదరాబాద్ ఎండ మా పెట్టెకేమీ తీసిపోలేదు.

ఇక పదకొండులో రెండు తక్కువ. ఆ అమ్మాయి వచ్చి లెక్కపెడితే ఏం చెప్పాలి? నిజం చెప్పేస్తే సరి అన్నాడు మా ఆయన. సమంజసమే. కానీ చెత్తలో వేశాను అనే మాట ఆమె మొహం చూస్తూ ఎలా అంటాను? అందుకని మర్నాడు నేను నా జీవితంలో మొదటిసారి కోడిగుడ్లు కొన్నాను. నాంపల్లి మార్కెట్లో, కొంగు తలమీదుగా కప్పుకుని, నాటువి రెండు. కొట్టువాడు రెండేనా అని రెండుసార్లు అడిగాడు. ఇంటికి తెచ్చి, పెన్సిల్‌తో గీత గీసి, ఎర్ర పెన్నుతో రెండింటి మీదా ఇంటూ వేశాను. పక్కన అసలువి పెట్టుకుని గీత వంపు కూడా అచ్చుగుద్దినట్టు దించాను. దొంగ సంతకాలు చేసి దొరికిపోయిన పిల్లలు ఎక్కడ తప్పు చేస్తారో నాకు తెలుసు, కాబట్టి నేను చేయననుకున్నాను.

పద్దెనిమిదో రోజు ఆమె వచ్చింది. ఆ రోజు నుంచి గుడ్లు తిప్పడం ఆపేయాలి, చివరిసారి లైటులో చూసి పెట్టె మూసేయాలి. ఇద్దరం గదిలో తలుపేసుకుని కూర్చున్నాం. ఇంటూ గుర్తులున్న అయిదింటినీ చూసింది. నల్లగా, నిండుగా ఉన్నాయి. ఒకదాంట్లో ముక్కు కదలడం నాకు కూడా చూపించింది. రైటు గుర్తులున్న నాలుగూ చూసి, ఇవన్నీ ఉత్తవేనమ్మా, నువ్వు పాస్ చేసినయన్నీ ఉత్తయే అని నవ్వింది. నేను కూడా నవ్వాను. తర్వాత మిగిలిన రెండూ తీసుకుంది. ఒకటి లైటు మీద పెట్టింది. అద్దంలా వెలిగింది. రెండోదీ అంతే.

ఆమె నవ్వు ఆగింది.

"అమ్మా, గివి తెల్లగున్నయి గదా. వీటికి ఇంటూ ఎందుకు వెట్టినవ్?"

పరీక్షలో కాపీ కొట్టిన పిల్లలు దొరికిపోయినప్పుడు వాళ్ల మొహం ఎలా ఉంటుందో నేను ముప్పై ఏళ్లు చూశాను. ఆ మొహం లోపలినుంచి ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. గీత వంపు దించాను, లెక్క మరిచిపోయాను. నల్లవాటికే కదా నేను ఇంటూ వేసింది. ఇక దాచడానికేమీ లేదు. మిఠాయి డబ్బా, చెత్త ఆటో, స్టేషన్ గోడ, పగిలిన రెండు, మార్కెట్లో కొన్న రెండు, అన్నీ చెప్పేశాను. ఫోనులో అబద్ధం చెప్పానని కూడా చెప్పాను.

ఆమె, నేను కొన్న రెండూ తీసి పక్కన పెట్టింది. పెట్టె వైరు ఊడదీసి, చుట్టి, పెట్టె ఎత్తుకుని నిలబడింది. కింద కరెంటు పోతుందేమో అన్నాను.

"నేను చూసుకుంట," అని మెట్లు దిగిపోయింది.

మూడు రోజులు ఆమె పైకి రాలేదు, నేను కిందికి పోలేదు. నేను పెట్టిన షరతుతో నా ఇంట్లోకి గుడ్డు రాకుండా ఆపగలను కానీ, ఆమె ఇంట్లోకి నన్ను పంపే షరతేదీ నా దగ్గర లేదు. ఆవకాయ గది ఖాళీగా అనిపించింది. మధ్యాహ్నం గుడ్లు తిప్పే వేళకు చేతులు కడుక్కుని తుడుచుకుని ఊరికే నిలబడేదాన్ని. రెండో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. మా ఇన్వర్టర్ కూసింది. నేను పొడుగాటి వైరు ఒకటి మా ప్లగ్గులో పెట్టి, రెండో కొసను బాల్కనీలోంచి ఆమె కిటికీ ముందుకు వేలాడదీశాను. కాసేపటికి కిటికీలోంచి ఒక చెయ్యి వచ్చి దాన్ని లోపలికి లాక్కుంది. మా ఆయన ఈసారి తనే లేచి ఫ్యాను ఆపేశాడు.

ఇరవై ఒకటో రోజు పొద్దున్నే తలుపు చప్పుడైంది. ఆమే, ఒక చేత్తో కొంగు మడత పట్టుకుని నిలబడి ఉంది. నాలుగు లేచాయమ్మా అంది. ఒకటి పెంకులోనే ఉండిపోయిందట, దానికి నువ్వేం చేయలేదు, ఒక్కోసారి అట్లనే అయితది అని కూడా అంది. అది నిజమో నా కోసం అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. రెండో చేతిలో ఒక పెంకు ముక్క ఉంది. చూపించింది. నేను వేసిన ఎర్ర ఇంటూలో సగం. మిగతా సగాన్ని పిల్ల ముక్కుతో పొడుచుకుని బయటికొచ్చింది.

నేను ఆ ముక్కను చూస్తూ, తప్పైపోయిందమ్మా అన్నాను. చూడగానే పాడైందనుకున్నాను అన్నాను.

"నేను పుట్టినప్పుడు మా నాయనమ్మ గిట్లనే అనుకున్నదంట," అంది. నవ్వుతూనే అంది. "గింత నల్లగున్నదేంది, పక్కకు వెట్టుండ్రి అన్నదంట. మా అమ్మనే తీసుకొని ఒళ్లె వెట్టుకున్నదంట."

నాకు గేటు గుర్తొచ్చింది. చెమట పట్టిన మొహంతో ఆమె నిలబడ్డ రోజు, ఇల్లు ఇచ్చేశామమ్మా అన్న నా మాట. ఏ లెక్క కుదరలేదో ఇప్పుడు తెలిసింది. సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆ రోజు మాట ఆమెకు గుర్తుందా అని అడగలేదు. గుర్తుండే ఉంటుంది. ఎవరికిచ్చామోయ్ అని మా ఆయన అడిగింది ఆమె కూడా విన్నది కదా.

"చెయ్యి చాపమ్మా," అంది.

చాపాను. కొంగు మడత విప్పి, నల్లటి పిల్లను నా అరచేతిలో పెట్టింది. ఇంకా పూర్తిగా ఆరని ఒళ్లు, గుడ్డుకున్న వెచ్చదనమే దానికీ ఉంది. కాళ్లు నిలవక నా వేలికి ఆనుకుంది.

"గట్టిగ వట్టకమ్మా, భయపడ్తది."

నేను గట్టిగా పట్టుకోలేదు. కుంకుమ భరిణె పట్టినట్టు వేళ్లు దాని చుట్టూ వదులుగా ఉంచాను.